వెళ్ళొస్తాననకూడని ఉద్యోగం

ఎవరింటినుంచి బయల్దేరినా "వెళ్ళొస్తానండీ" అనడం మనకి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. దాన్ని మానుకోవడానికి ఉమాశంకర్‌కి ఆర్నెల్లు పట్టింది.

"బండి ఎవుడైనా తోల్తాడు," అన్నాడు ధనరాజ్, పనిలో చేర్చుకున్న రోజున. "నువ్వు నేర్సుకోవలసినవి రెండే. సావింటి గుమ్మంకాడ ఎల్లొస్తాననకూడదు. మన వస్తువు సిన్న మేకైనా సరే, అక్కడ వదిలీకూడదు. వదిలితే దానికోసం బండి మళ్ళీ వస్తాదని ఆల్ల బయం. ఆ బయాన్ని నవ్వులాటకి తియ్యకు."

ధనరాజ్‌ది శ్రీకాకుళంలో చావుబండి వ్యాపారం. తెల్ల వ్యాను, దాని నెత్తిన ప్లాస్టిక్ గోపురం, రెండు పక్కలా 'వైకుంఠ రథం' అని నీలం అక్షరాలు. లోపల అద్దం మూత ఉన్న ఫ్రీజరు పెట్టె. కావలసినవాళ్ళు దూరాభారం నుంచి వచ్చేదాకా పోయిన మనిషిని ఆ పెట్టెలో ఉంచుతారు. వచ్చాక అదే బండిలో శ్మశానానికి తీసుకెళ్తారు.

ఆ గురువారం పొద్దున్న బలగలో ఒక పెంకుటింటి ముందు పని ముగించుకుని ఉమాశంకర్ తన సామాను లెక్క చూసుకున్నాడు. పెట్టె, అద్దం మూత, రెండు బెల్టులు, నాలుగు చెక్క దిమ్మలు, బ్యాటరీ, పసుపచ్చ వైరు చుట్ట. ఆరు రకాలు, ఆరూ ఉన్నాయి. ఆ ఇంటాయన గేటుదాకా వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి, చేతులు జోడించి, "మంచిది బాబూ, మళ్ళీ..." అని ఠక్కున ఆగి, మిగతా మాట మింగేశాడు. ఉమాశంకర్ తల వంచి దణ్ణం పెట్టి బండి ఎక్కాడు. మూడేళ్ళుగా ఎన్నో ఇళ్ళకి వెళ్ళాడు, మళ్ళీ రమ్మన్నవాళ్ళు లేరు. అది తలుచుకుంటే అతనికి కొన్నాళ్ళు నవ్వొచ్చేది, కొన్నాళ్ళు వచ్చేది కాదు.

అంతమాత్రాన ఉద్యోగం మీద అతనికి అయిష్టమేమీ లేదు, ఉన్నదంతా ఇష్టమే. ఎక్కినవాళ్ళు చిల్లర కోసం పేచీ పెట్టరు, గుంతలో పడితే తిట్టరు, ఏసీ సరిపోలేదనరు. జీతం ఇరవై ఎనిమిది వేలు. ఇంట్లో తాతలనాటి తాటాకు కప్పు పోయి శ్లాబు పడింది. ఈ పని అతనికి బస్సు కాంప్లెక్సు గోడమీద దొరికింది. 'డ్రైవరు కావలెను. అనుభవం అక్కరలేదు, లైసెన్సు చాలును' అని కాగితం. మిగతా ఉద్యోగాల కాగితాలు అంటించిన సాయంత్రానికే చిరిగిపోతుంటే ఇది మాత్రం ఎండకి ఎండి వానకి తడిసి తెల్లబోయి ఉంది. ఏదో మోసమనుకుంటూనే వెళ్ళాడు. మోసం కాదు, ఎవరూ రాలేదంతే. అతని స్నేహితుడు వెంకీ, తన పాలెంవాడే, భోగాపురం విమానాశ్రయం గేటు దగ్గర పదమూడు వేలకి నిలబడతాడు. నీలం చొక్కా, బూట్లు, మెళ్ళో ఈల. వాడికి నెల తిరక్కుండా పెళ్ళి కుదిరింది.

ఉమాశంకర్‌కి మూడు సంబంధాలు గుమ్మందాకా వచ్చి తిరిగిపోయాయి. నాలుగోదానికి మేనమామ నూకయ్య జాగ్రత్తపడ్డాడు. శ్రీకూర్మం దాటాక ఒడ్డున ఉన్న పేటలో లక్ష్ముడని, పడవా వలా సొంతంగా ఉన్న మనిషి, ఆయన కూతురు అనూరాధ. "మావోడు అంబులెన్సు తోల్తాడు," అన్నాడు నూకయ్య, కాఫీ గ్లాసు కింద పెడుతూ. ఉమాశంకర్ కాదనలేదు. ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి తిన్నగా అతని మొహంలోకి చూసింది. ఆ చూపు అతనికి నచ్చింది, అందుకే నోరు పెగల్లేదు. పిల్ల నాయనమ్మ కూర్మమ్మ మాత్రం మంచంమీంచి కళ్ళు చికిలించి, "నిన్నెక్కడో సూసినాను నాయనా," అంది. అతను తల దించుకున్నాడు. ముసలమ్మ బోసినోటితో నవ్వి, "ఎక్కడైతేనేటిలే," అని తమలపాకు నోట్లో పెట్టుకుంది. శ్రావణంలో ముహూర్తం అనుకున్నారు.

బలగ సందు దాటుతుండగా ఫోను మోగింది. లక్ష్ముడి పేరు చూసి బండి పక్కకి తీశాడు.

"బాబూ, మా యమ్మకి ఊపిరాడతా నేదు. కళ్ళు తేలేస్తన్నాది. నీ అంబులెన్సు బేగి అట్టుకొచ్చీ."

ఉమాశంకర్ ముందు అద్దంలోంచి బండి మూతిమీద వేలాడుతున్న బంతిపూల దండ చూశాడు. బండి వర్క్‌షాపులో ఉందనొచ్చు. అది చాలా సులువైన మాట, నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బండి బాగై వస్తుందని వాళ్ళు గుమ్మంలో నిలబడి దారి చూస్తే?

"మావా, నాకాడ అంబులెన్సు నేదు. మీరు ఫోను పెట్టీండి, నానే నూటెనిమిదికి సేస్తన్నాను. వీధి మొగన ఒకల్ని నిలబెట్టండి."

"అంబులెన్సు నేదేటి? మరి నువ్వు తోలీదేటి?"

"శవాల బండి మావా."

ఉమాశంకర్ ఫోను పెట్టేసి నూటెనిమిదికి చేశాడు. ఊరి పేరు, తుపాను షెల్టరు దగ్గర మలుపు, ముసలమ్మ వయసు, అన్నీ తడబడకుండా చెప్పాడు. పావుగంటలో మళ్ళీ చేసి, అంబులెన్సు పేటలోకి దిగిందని తెలుసుకున్నాక స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ముసలమ్మ బతకాలని కోరుకున్నాడు. తన పెళ్ళి సంగతి తరవాత గుర్తొచ్చింది.

*

"వర్క్‌షాపులో ఉన్నాదంటే నీ సొమ్మేటి పోనాదిరా?" అన్నాడు నూకయ్య మర్నాడు పొద్దున్నే వచ్చి. "నాను నెలరోజులు తిరిగి కుదిర్సిన సమ్మంధం. ఒక్క ముక్కతో సెడగొట్టీసినావు."

ఉమాశంకర్ తల్లి, పేరు తాతమ్మ, సంతకి వెళ్ళడానికి చేపల తట్ట సర్దుకుంటోంది. కానాగంతలు ఒక వరస, వాటిమీద ఐసు ముక్కలు, దానిమీద తడిగోనె. చేతులు ఆపకుండానే అంది: "ఉన్నమాటేగా అన్నాడు. మనమే ముందు సెప్పీవలసింది."

"ముందు సెప్తే నీ కొడుకు మొకం సూద్దురేటి?"

లక్ష్ముడు రాత్రే నూకయ్యకి ఫోను చేశాడట. ముసలమ్మకి ఆక్సిజన్ పెట్టారు, గుండె అలసిపోయిందని, ఈ వయసులో చేయగలిగింది లేదని చెప్పారు. ఆవిడ ఇంటికి తీసుకుపొమ్మని గోల పెడితే తెచ్చేశారు. ఆ నాలుగు మాటలూ చెప్పాక అయిదో మాటగా, సంబంధం వద్దన్నాడు. "శుభం జరగవలసిన ఇంట్లో శవాల బండోడు అల్లుడుగా కాలెడతాడేటి?" అన్నాడట.

నూకయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. దారి కూడా తనే వెతికాడు. వెంకీ గేటు దగ్గర మరో నలుగుర్ని తీసుకుంటున్నారు. నీలం చొక్కా వేసుకున్న ఫోటో ఒకటి లక్ష్ముడికి చూపిస్తే మెత్తబడతాడు. విమానాశ్రయమంటే ఆ మాటలోనే ఒక హోదా ఉంది.

"పదమూడు వేలు మావా," అన్నాడు ఉమాశంకర్.

"పిల్ల కావాలా, పదిహేను వేలు కావాలా?"

అలా అడిగితే చెప్పడానికి ఏముంది? తలుపు పక్కన నిలబడి తిన్నగా చూసిన ఆ మొహం మూడు వారాలుగా బండిలో అతని పక్క సీట్లో కూర్చునే తిరుగుతోంది. ఉమాశంకర్ వెంకీకి ఫోను చేశాడు. వెంకీ సంతోషపడిపోయి, బూట్ల సైజు ఎంతని అడిగాడు. మంగళవారం చేరతానని చెప్పి ఫోను పెట్టేశాక ఉమాశంకర్‌కి అన్నం సయించలేదు. తాతమ్మ తట్ట నెత్తిన పెట్టుకుంటూ కొడుకు వైపు ఒకసారి చూసింది.

"గేటుకాడ రోజంతా ఏటి సేస్తారు?"

"బండొస్తే గేటు తీస్తారు, ఎల్లిపోతే ఏస్తారు."

"అంతేనా," అని ఆవిడ వెళ్ళిపోయింది.

*

శనివారం పొద్దున్న ధనరాజ్‌కి మాట చెప్పేద్దామని షెడ్డుకి వెళ్ళాడు. ధనరాజ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాగితం మీద అడ్రసు రాసుకుంటున్నాడు. రాయడం ముగించి కాగితం ఉమాశంకర్ చేతిలో పెట్టాడు. శ్రీకూర్మం దాటాక పేట. లక్ష్ముడు. తల్లి, ఎనభై నాలుగు. చిన్నకొడుకు గుజరాత్‌లో వీరావల్ రేవులో బోటు మీద ఉన్నాడు, రైలెక్కి వచ్చేసరికి సోమవారం అవుతుంది.

ఉమాశంకర్ కాగితం తిరిగి ధనరాజ్ ముందు పెట్టాడు.

"నాను ఎల్లకూడని ఇల్లు అన్నా, ఇది."

ధనరాజ్ అంతా విన్నాడు. విని, "నువ్వు కాకపోతే ఎవుడున్నాడురా?" అన్నాడు. "ఆ గోడమీద మళ్ళీ కాగితం అంటించి, అది ఎండిందాకా ఆ ముసిల్దాన్ని ఆగమంటావేటి?"

నాలుగు చెక్క దిమ్మలు, రెండు బెల్టులు, బ్యాటరీ, వైరు. ఉమాశంకర్ అన్నీ సర్దుకుని బయల్దేరాడు. రాజీనామా మాట జేబులోనే ఉండిపోయింది.

పేటలో వీధి పొడవునా వలలు ఆరబెట్టి ఉన్నాయి. బండి వస్తుంటే ఆడవాళ్ళు వాటిని పక్కకి లాగి, పిల్లల్ని లోపలికి తీసుకుపోయారు. లక్ష్ముడు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. తలుపు తీసి దిగిన మనిషిని చూసి రెండు అడుగులు ముందుకు వేసి ఆగాడు.

"నువ్వేటి?"

"పెట్టె తెచ్చినాను మావా. నానొద్దంటే టెక్కలి నుంచి ఇంకోటి రావాలి. మద్దేనం దాటిపోతాది. ఈ ఎండలో మామ్మ అంతసేపు ఆగనేదు."

లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. లక్ష్ముడు గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

ఇక అక్కణ్ణుంచి ఉమాశంకర్‌కి అది లక్ష్ముడి ఇల్లు కాదు, అనూరాధ ఇల్లు కాదు. ఇలాంటి ఇళ్ళలో అతను మనుషుల మొహాలు చూడడు. నేల చూస్తాడు, ప్లగ్గు చూస్తాడు, తలుపు వెడల్పు చూస్తాడు. ఇసక నేల కాబట్టి ముందు చెక్క దిమ్మలు వేసి, వాటిమీద పెట్టె దింపించాడు. సీసాలో సగం నీళ్ళు పోసి పెట్టెమీద పడుకోబెట్టి, నీళ్ళు ఏ పక్కకి ఒరుగుతున్నాయో చూసి, రెండో దిమ్మ కింద ఇసక కొంచెం తీశాడు. మోటారు గోడకి జానెడు దూరంలో ఉండేట్టు జరిపాడు. చల్లబడ్డాక నలుగురు మగవాళ్ళని పిలిచి, ఎవరు ఎక్కడ పట్టుకోవాలో నెమ్మదిగా చెప్పి, తల తను పట్టుకున్నాడు. ముసలమ్మ తేలిగ్గా ఉంది. బొటనవేళ్ళు కలిపి కట్టాడు, ముక్కులో దూది పెట్టాడు, నోటి పక్కన అంటుకున్న తమలపాకు మరక తడిగుడ్డతో తుడిచాడు. మూత వేశాడు.

కాసేపటికి అద్దం లోపలి చలికి మంచు పట్టినట్టు మసకబారింది. మొదటి గంటంతా అలా మసకబారుతూనే ఉంటుంది, తరవాత కూడా గంటకోసారి తుడవాలి. చాలామంది డ్రైవర్లు పెట్టె దింపేసి వెళ్ళిపోతారు. ఆ తరవాత చూడ్డానికి వచ్చినవాళ్ళకి మొహం బదులు పొగ కనిపిస్తుంది. ఉమాశంకర్ పొడి తువ్వాలుతో అద్దం తుడిచి పక్కన కూర్చున్నాడు. మళ్ళీ మసకబారింది, మళ్ళీ తుడిచాడు.

పక్కింటి నుంచి టీ వచ్చింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగే పోస్తారు. ఆవిడ అందరికీ గ్లాసులు ఇచ్చుకుంటూ వచ్చి అతని దాకా రాగానే పక్కనున్నాయన వైపు తిరిగిపోయింది. అది కావాలని చేసింది కాదు, ఆవిడకి అలవాటు, అతనికీ అలవాటే. తన ఫ్లాస్కులో టీ తను తెచ్చుకుంటాడు. మూత తీసి పోసుకుంటుంటే, పెట్టెకి అవతల పక్క గోడకి చేరబడి కూర్చున్న అనూరాధ ఆ సంగతంతా చూసిందని అతనికి అనిపించింది. తలెత్తలేదు.

*

ఆదివారం పది గంటలకి సముద్రం గాలి జోరెక్కింది. రేవు దగ్గర కరెంటు స్తంభం ఒరిగి పేటంతా కరెంటు పోయింది. లైన్‌మన్ ఫోనులో సాయంత్రమన్నాడు. ఉమాశంకర్ తెచ్చిన బ్యాటరీ మూడు గంటలకి మించి ఆగదు. చిన్నకొడుకు రైలు ఇంకా ఒడిశాలోకే రాలేదు.

తుపాను షెల్టరులో జనరేటరు ఉంది. వాలంటీరు దగ్గర తాళాలు తెప్పించి, డీజిలు పోసి నడిపించాడు లక్ష్ముడే. అక్కణ్ణుంచి ఇంటికి మధ్యలో మూడిళ్ళు. ఉమాశంకర్ పసుపచ్చ వైరు విప్పుకుంటూ రెండిళ్ళు దాటాడు. మూడో ఇల్లు అనూరాధ పిన్నిది.

"సావింటి తీగ నా గుమ్మం ముందునుంచి ఎల్లకూడదు," అందావిడ. కోపంగా కూడా అనలేదు. "నా కోడలు నీళ్ళాడే నెల, ఇయ్యాలో రేపో పురుడు. నన్ను తిట్టుకోకండి బాబూ."

ఉమాశంకర్ ఆగిపోయాడు. ఆవిడతో వాదించే హక్కు తనకి లేదు. అంతలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి వైరు చుట్ట అందుకుంది.

"పెరటేపు ఎల్దారి రండి," అంది అనూరాధ.

సరుగుడు చెట్ల మధ్యనుంచి ఆమె వైరు వదులుకుంటూ ముందు నడిచింది. అతను కాళ్ళకి తగలకుండా పైకెత్తి కొమ్మలకి తగిలించుకుంటూ వెనక నడిచాడు. రెండు రాత్రులు నిద్ర లేక ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. చేతులు మాత్రం చురుగ్గా ఉన్నాయి. వల విప్పినట్టు ఎక్కడా మెలి పడకుండా వైరు వదిలింది.

"ఇది పొడుగెంత?"

"నలభై మీటర్లు. సుట్టూ తిరిగితే సాలదు. పెట్టెని రెండు బారలు పెరటేపు జరపాల."

ఇంట్లో నలుగుర్నీ పిలిచి పెట్టె జరిపించారు. ప్లగ్గు అందింది, మోటారు గుర్రుమంది. అనూరాధ అతని భుజంమీద తువ్వాలు అడక్కుండానే తీసుకుని అద్దం తుడిచింది. ముసలమ్మ మొహం తేటగా కనిపించింది. ఎవరూ దగ్గర లేరు.

ఆమెకి చెప్పకుండా వెళ్ళడం అతనికి సబబుగా అనిపించలేదు. "ఇదే ఆకరి పని. ఎల్లుండినుంచి భోగాపురం గేటుకాడ సేరతన్నాను," అన్నాడు.

"ఏటి పని?"

"గేటు తీడం, ఏడం."

"జీతం?"

"పదమూడు."

ఆమె ఇంకో మూల తుడిచింది. "ఈ మాట మామ్మ ఇంటే నవ్వును," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు. తువ్వాలు మడిచి అతనికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటకి అర్థమేమిటో తెలియక ఆ పూటంతా అతని మనసు అక్కడే తిరిగింది.

*

సోమవారం పొద్దున్న చిన్నకొడుకు వచ్చాడు. రెండు రోజులు జనరల్ బోగీలో నిలబడి వచ్చిన మనిషి. చెప్పులు విప్పే ఓపిక లేక అలాగే లోపలికి పరుగెత్తి పెట్టెమీద పడ్డాడు. అప్పుడే తుడిచిన అద్దం. తల్లి మొహం నిద్రలో ఉన్నట్టే ఉంది. "అలగే ఉన్నాదన్నా," అన్నాడు లక్ష్ముడితో, ఏడుస్తూ. "నాను ఎల్లేటప్పుడు ఎలగున్నాదో అలగే ఉన్నాది." వీరావల్ నుంచి వచ్చేటప్పుడు దారంతా అతను భయపడింది మొహం గుర్తుపట్టగలనో లేదో అని. లక్ష్ముడు తమ్ముణ్ణి పొదివి పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి, మూలన తువ్వాలు పిండుతున్న ఉమాశంకర్ వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు ఉమాశంకర్ చూడలేదు.

శ్మశానానికి కిలోమీటరు దూరం. రథాన్ని నడక వేగంతో పోనిచ్చాడు, హారను కొట్టలేదు, ఇసకలో చక్రం దిగబడకుండా గట్టి దారి చూసుకున్నాడు. అంతా అయ్యాక ఇంటికి తిరిగొచ్చి పెట్టె బండిలోకి ఎక్కించాడు. మగవాళ్ళు స్నానాలకి వెళ్ళారు.

సామాను లెక్క చూసుకున్నాడు. పెట్టె, మూత, బెల్టులు రెండు, దిమ్మలు నాలుగు, బ్యాటరీ. అయిదు. మళ్ళీ చూసుకున్నాడు. అయిదే.

వైరు లేదు.

సరుగుడు చెట్ల దాకా పరుగున వెళ్ళాడు. కొమ్మల మీద లేదు. షెల్టరులో లేదు. పెరట్లో లేదు. మూడేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. జరిగితే జరిగింది, ఈ ఇంట్లోనే జరగాలా? ఇప్పటికే శవాల బండోడని ముద్ర పడింది, పోతూపోతూ అశుభం కూడా వదిలిపోయాడంటారు. అడుగుదామంటే ఆడవాళ్ళంతా లోపల ఇల్లు కడుగుతున్నారు. లక్ష్ముడు తడిబట్టలతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మావా, నా వైరు..." అనబోయాడు ఉమాశంకర్.

"పొద్దు పోతన్నాది," అన్నాడు లక్ష్ముడు. ఇంకేదో అనడానికి నోరు తెరిచి, మింగేసి, గోడవైపు తిరిగాడు.

ఉమాశంకర్ తల వంచి దణ్ణం పెట్టి బండి ఎక్కాడు. వెళ్ళొస్తాననలేదు. వలలు మళ్ళీ పక్కకి జరిగాయి, బండి వెళ్ళాక మళ్ళీ వెనక్కి వచ్చాయి.

శ్రీకూర్మం దాటి పెద్ద రోడ్డు ఎక్కగానే ఫోను మోగింది. కొత్త నంబరు. బండి పక్కన ఆపాడు.

"వైరు కోసం ఎతుక్కోకండి," అంది అనూరాధ. "నా కాడున్నాది."

ప్రాణం లేచొచ్చింది అతనికి. "బతికించినావు. ఎంతో దూరం రానేదు, ఇప్పుడే ఎనక్కొస్తన్నాను."

"ఇప్పుడొద్దు. నానే సుట్టి దాసినాను."

అతను ఇంజను ఆపేశాడు.

"మీరు ఎల్లొస్తాననకూడదంట. మేము రమ్మనకూడదంట. మరెలగ? మీ వస్తువుంటే మీరే రావాల కదేటి." ఆమె గొంతు తగ్గించింది. వెనక బిందెల చప్పుడు వినిపిస్తోంది. "పెద్దకార్యం అయిపోయాక రండి. బండి అట్టుకురావొద్దు. బండి దాని షెడ్లో ఉంచీసి, బస్సెక్కి రండి. అప్పుడు ఎవులూ బయపడరు."

"నీకు... మీ అయ్య సెప్పినాడా, నాది ఏ బండో?"

"అయ్య సెప్పక ముందే తెల్సు. పెళ్ళిసూపులనాడు మీరటు ఎల్లగానే మామ్మ సెప్పింది. నిరుడు మామ్మ అప్ప పోనాది కదా, కళింగపట్నంలో. ఆ ఇంటికి పెట్టె తెచ్చింది మీరేనంట. మీరు ఎవుల మొకమూ సూళ్ళేదంట, మామ్మ మాత్తరం మిమ్మల్నే సూస్తా కూకుందంట. గంటగంటకీ అద్దం తుడిసినాడే, ఆ గుంటడే ఈడు, అన్నాది. పరాయి ముసిల్దానికి అంత సేసినోడు పెళ్ళాన్ని సూసుకోడేటి, అన్నాది. అందుకే నాను ఒప్పుకున్నాను."

ఉమాశంకర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు అతని ఉద్యోగంలో ఎదటివాళ్ళది. తనకి రావడం ఇదే మొదలు. ఏ సంగతి దాచి మూడు వారాలు చెమటలు కక్కాడో, ఆ సంగతికే ఆ పిల్ల ఒప్పుకుంది. మధ్యలో తనూ నూకయ్య మావా లేని అంబులెన్సు ఒకటి కట్టుకుని ఊరేగారు.

"ఆ గేటు పని ఇంకెవులికైనా ఇచ్చీమనండి," అంది ఆమె.

"మీ అయ్య ఒప్పుకోవాలి కదా. వైరు దాసినావని తెలిస్తే ఊరుకుంటాడా?"

"సూసినాడు."

"ఏటన్నాడు?"

"నాను దొడ్లో కూకుని సుడతంటే ఎనకాల్నుంచి వచ్చినాడు. సేతిలో వైరు సూసినాడు. అయిపోనాననుకున్నాను. ఏటీ అన్నేదు. గోనె ఒకటి తెచ్చి దానిమీద కప్పి ఎల్లిపోనాడు."

లారీలు పోతున్నాయి. గుమ్మంలో లక్ష్ముడు మింగేసిన మాట ఏమిటో ఉమాశంకర్‌కి ఇప్పుడు తెలిసింది. వెనక బండిలో అయిదు వస్తువులు ఉన్నాయి. షెడ్డుకి వెళ్ళగానే ధనరాజ్ ఆరోది ఏదిరా అని అడుగుతాడు, తొలిరోజు చెప్పింది మరిచావా అని తిడతాడు. తిట్టనీ.

"మీరెక్కడున్నారు?" అంది అనూరాధ.

"పెద్ద రోడ్డు మీదకి వచ్చీసినాను. మీ ఊరి పొలిమేర దాటిపోనాది." అని, ఇన్నేళ్ళ తరవాత ఆ మాట అన్నాడు. "మరైతే, ఎల్లొస్తాను."

"ఊఁ," అంది ఆమె. "రండి."